కర్రీ పాయింట్ పెట్టే ముందు: లెక్కల పుస్తకం నుంచి షాపు తాళం దాకా

"కర్రీ పాయింట్ పెట్టాలంటే ఎంత అవుతుందండీ?" అని చాలామంది అడుగుతున్నారు. మూడు లక్షలు కావచ్చు, పది లక్షలు కావచ్చు. ముందుగా తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది: అద్దె, జీతాలు పోను మీకు నాలుగు డబ్బులు మిగలాలంటే రోజుకు ఎన్ని ప్యాకెట్లు అమ్మాలి?

ఆ అంకె చేతిలో లేకుండానే షాపు చూస్తారు, అడ్వాన్స్ ఇస్తారు, ఫ్లెక్సీ కొట్టిస్తారు. కూర ఖర్చు లెక్క మొదలయ్యేది రెండో నెల అద్దె కట్టేటప్పుడు. అందుకే ఇక్కడ వరుస తిరగేశాను. షాపు మాట ఏడో మెట్టులో గానీ రాదు.

కింది ధరలు హైదరాబాద్ బస్తీని దృష్టిలో పెట్టుకుని వేసిన నమూనా అంకెలు. మీ ఊరి ధరలు మీరు వేసుకోండి, లెక్క వేసే తీరు మాత్రం ఇదే. టిఫిన్ సెంటర్‌కైనా, చిన్న మెస్‌కైనా పనికొస్తుంది.

1. కొనేదెవరో కళ్లారా చూడండి

కర్రీ పాయింట్‌కు వచ్చే మనిషి ఇంట్లో కుక్కర్ పెట్టి వస్తాడు. అన్నం వాళ్లది, కూర మనది. అంటే మనకు కావాల్సింది భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లు, గది తీసుకుని వండుకునే బ్యాచిలర్లు, పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడలేని పెద్దవాళ్లు.

రోడ్డు మీద జనాన్ని చూసి మోసపోవద్దు. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ లాంటి చోట్ల సాయంత్రం ఇసకేస్తే రాలనంత జనం ఉంటారు. అందులో సగం మందికి హాస్టల్లో భోజనం ఉంటుంది. వాళ్లు ఛాట్ తింటారు, టీ తాగుతారు, కూర మాత్రం కొనరు.

మీరు అనుకుంటున్న ప్రాంతంలో ఇప్పటికే ఉన్న కర్రీ పాయింట్ ఎదుట ఒక వారం నిలబడండి. మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా, రాత్రి 7 నుంచి 9.30 దాకా. ఆదివారం తప్పకుండా. పోటీ ఉందని భయం వద్దు. ఒక్క షాపూ లేని చోట మొదటి షాపు పెట్టడమే నాకు ఎక్కువ భయంగా అనిపిస్తుంది.

రాసుకోవాల్సినవి:

- గంటకు ఎంతమంది వచ్చారు, ఒక్కొక్కరు ఎన్ని ప్యాకెట్లు తీసుకున్నారు
- ఏ కూర ముందు అయిపోయింది, షట్టర్ దించేటప్పుడు ఏది మిగిలింది
- బండి ఆపి కొనేవాళ్లు ఎంతమంది, నడిచి వచ్చేవాళ్లు ఎంతమంది
- "ఇది లేదా?" అని అడిగి ఖాళీ చేతులతో వెళ్లినవాళ్లు ఏం అడిగారు

నాలుగోది ఎవరూ రాసుకోరు. మీ మెనూ అందులోనే దొరుకుతుంది.

2. మెనూ ఏడు రకాలు దాటనివ్వకండి

ఒక పప్పు, ఒక వేపుడు, ఒక ఇగురు, సాంబారు లేదా పులుసు, చారు, ఒక రోటి పచ్చడి, పెరుగు. మొదటి మూడు నెలలకు ఇది చాలు. పదిహేను గిన్నెలు వరసగా పెడితే కంటికి బాగానే ఉంటుంది. రాత్రి పదింటికి వాటిలో మిగిలినదంతా మీ డబ్బే.

పప్పు రోజూ ఉండాలి, ఆకుకూర మారాలి: పాలకూర, తోటకూర, గోంగూర, చుక్కకూర. వారానికి సరిపడా పట్టిక రాసి గోడకు అంటించండి. సోమవారం ఏం దొరుకుతుందో కొనేవాళ్లకు నోటికి వచ్చేస్తే వాళ్లు మీ షాపుకు అలవాటు పడ్డట్టే.

పట్టికలో ప్రతి కూరకూ పక్కన ఒక ప్రత్యామ్నాయం రాసుకోండి. 2023 జులైలో టమాటా కిలో వంద దాటినప్పుడు టమాటా పప్పు, టమాటా పచ్చడి మానకుండా వండినవాళ్లు నష్టానికి వండారు. దోసకాయ, మామిడికాయ, చింతకాయ సీజన్‌ను బట్టి ఆ చోటులోకి రావాలి.

క్యాలెండర్ కూడా మెనూలో భాగమే. శ్రావణం, కార్తీకంలో మాంసం మానేసేవాళ్లు, ఉల్లి వెల్లుల్లి ముట్టనివాళ్లు పెరుగుతారు. ఆ నెలల్లో ఉల్లి వేయని కూర ఒకటి విడిగా ఉంచితే అదే ముందు అయిపోతుంది. సంక్రాంతికి హైదరాబాద్ సగం ఊళ్లకు వెళ్లిపోతుంది. ఆ వారం షాపు తెరిచి కూర్చోవడం కంటే వంట మాస్టర్‌కు సెలవిచ్చి గోడలకు సున్నం వేయించుకోవడం మేలు.

3. ఒక్క ప్యాకెట్ ఖర్చు కట్టండి

ఇంట్లో ఒకసారి పెద్ద కొలతతో వండి, ప్రతిదీ తూకం వేయండి. ఉదాహరణకు దొండకాయ వేపుడు:

- దొండకాయ 5 కిలోలు, కిలో 40 చొప్పున: 200 రూపాయలు
- నూనె, పీల్చుకున్నది 600 మిల్లీలీటర్లు: 84
- పల్లీలు పావు కిలో: 35
- కారం, ఉప్పు, వెల్లుల్లి, కరివేపాకు: 25
- గ్యాస్: 30
- ప్యాకింగ్, 20 ప్యాకెట్లకు రెండేసి రూపాయలు: 40

మొత్తం 414. ఐదు కిలోల దొండకాయ వేగాక సుమారు మూడు కిలోలు అవుతుంది. 150 గ్రాముల చొప్పున 20 ప్యాకెట్లు. ప్యాకెట్‌కు 20 రూపాయల 70 పైసలు.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. వండిన 20లో 20 అమ్ముడయ్యే రోజులు తక్కువ. రెండు మిగులుతాయనుకుని 18తో భాగించండి. ప్యాకెట్ అసలు ఖర్చు 23 అవుతుంది. 40కి అమ్మితే 17 మిగులుతుంది.

ఇదే పద్ధతిలో ఏడు రకాలకూ కట్టండి. చారుకు, సాంబారుకు ఖర్చు తక్కువ, మిగులు ఎక్కువ. వేపుళ్లు నూనె తాగుతాయి. పెరుగులో మిగిలేది చాలా తక్కువ. కానీ పెరుగు లేకపోతే దానికోసం పక్క షాపుకు వెళ్లిన మనిషి కూర కూడా అక్కడే కొంటాడు.

కొలత గరిటె విషయంలో మొహమాటం వద్దు. ప్యాకెట్‌కు 20 గ్రాములు ఎక్కువ పడితే మూడు కిలోల్లో 20 ప్యాకెట్లు కాస్తా 17 అవుతాయి. ఒక్క కూరలోనే రోజుకు వంద రూపాయలు పైనే పోతాయి. ప్రతి కూరకూ దాని గరిటె వేరుగా పెట్టండి. ఒకసారి తూచి చూసి, నిండా ముంచితే ఎంత బరువు వస్తుందో హ్యాండిల్ మీద మార్కర్‌తో రాసేయండి.

4. రోజుకు ఎన్ని ప్యాకెట్లు?

అమ్మకం ఉన్నా లేకున్నా పోయే నెల ఖర్చులు ఇలా ఉన్నాయనుకుందాం:

- అద్దె 18,000
- మాస్టర్ 25,000
- హెల్పర్ 14,000
- కరెంటు 3,000
- నీళ్లు, సబ్బు, చెత్త 2,500
- రిపేర్లు 2,000
- బ్యాంకు వాయిదా 5,500

మొత్తం 70,000. నెలకు 28 రోజులు తెరిస్తే రోజుకు 2,500. సగటున ప్యాకెట్‌కు 17 మిగిలితే, 147 ప్యాకెట్ల దాకా మీకు పైసా రాదు.

మీ జీతం ఇందులో లేదు. నెలకు 20,000 వేసుకుంటే రోజు ఖర్చు 3,214 అవుతుంది. ఇప్పుడు 189 ప్యాకెట్లు. ఒక్కొక్కరు రెండున్నర చొప్పున కొంటే రోజుకు 76 మంది రావాలి. మొదటి మెట్టులో పక్క షాపు ఎదుట నిలబడి లెక్కపెట్టిన మనుషుల సంఖ్య పక్కన ఈ 76ను పెట్టి చూడండి. ఆ షాపుకే రోజుకు 60 మంది వస్తుంటే, అదే వీధిలో మీకు 76 మంది ఎక్కడినుంచి వస్తారు?

ఇంకో రెండు విషయాలు ఈ లెక్కలోనే తేలతాయి.

ధర తగ్గింపు. ప్రారంభ ఆఫర్ అని 40ది 35కి ఇస్తే మిగులు 17 నుంచి 12కు పడిపోతుంది. 189 ప్యాకెట్ల చోట 268 అమ్మాలి. ఐదు రూపాయలు తగ్గించినందుకు నూటికి నలభై ప్యాకెట్లు ఎక్కువ అమ్మాలన్నమాట. ఆఫర్ ఇవ్వాలనిపిస్తే రెండు కూరలు కొన్నవారికి చిన్న కప్పు చారు ఇవ్వండి. ఖర్చు తక్కువ, ధర మాత్రం నిలబడుతుంది.

జీఎస్టీ. రోజుకు 189 ప్యాకెట్లు, 40 చొప్పున, 28 రోజులు, 12 నెలలు వేసి చూడండి: ఏడాదికి 25 లక్షలు దాటుతుంది. వండిన ఆహారం అమ్మడం, పార్సిల్ అయినా సరే, రెస్టారెంట్ సేవ కిందికి వస్తుంది. దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేని పరిమితి ఏడాదికి 20 లక్షలు. అంటే మీ జీతం వచ్చే స్థాయికి చేరేసరికే రిజిస్ట్రేషన్ అవసరమవుతుంది. పన్ను 5 శాతం, కొన్న సరుకు మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. 40 రూపాయల్లోనే పన్ను కలిపి అమ్మితే ప్యాకెట్‌కు సుమారు 1.90 పోతుంది, మిగులు 15.10, అమ్మాల్సినవి 213. ధర నిర్ణయించేది ఈ అంకె చూశాకే.

5. ఇంటి నుంచి నెల రోజులు అమ్మి చూడండి

షాపు లేకుండానే అమ్మకం మొదలుపెట్టవచ్చు. మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు, పక్క వీధి, తెలిసిన ఆఫీసు. ఉదయం తొమ్మిదిలోపు ఆర్డర్, పన్నెండున్నరకు ప్యాకెట్. రోజుకు మూడు రకాలు మించొద్దు.

ఇంట్లో వండి అమ్మినా ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు కావాల్సిందే. మామూలు ఇంటి సిలిండర్ 14.2 కిలోలది వ్యాపారానికి వాడకూడదు, 19 కిలోల కమర్షియల్ సిలిండర్ తీసుకోండి.

ఈ నెలలో గమనించాల్సింది పొగడ్తలు కాదు, రెండోసారి కొన్నవాళ్ల సంఖ్య. బంధువులు, స్నేహితులు మొదటి వారం మొహమాటానికి కొంటారు. మూడో వారంలో, మీరు గుర్తు చేయకుండా, తమంతట తాము ఆర్డర్ పెట్టినవాళ్లే నిజంగా మీకు దొరికినవాళ్లు. పెద్ద కొలతలో ఉప్పు, చింతపండు ఎలా తప్పుతాయో కూడా ఈ నెలలోనే తెలుస్తుంది. నలుగురికి వండే కొలతను పదింతలు చేస్తే కారం ఎక్కువవుతుంది, నీళ్లు మిగిలిపోతాయి.

6. డబ్బు ఎక్కడిది, ఎంత?

నమూనా పెట్టుబడి:

- షాపు అడ్వాన్స్, మూడు నెలలు: 54,000
- పొయ్యిలు, గిన్నెలు: 90,000
- స్టీల్ కౌంటర్: 40,000
- ఫ్రిజ్: 30,000
- గ్రైండర్, మిక్సీ: 25,000
- ఎగ్జాస్ట్, నీళ్ల పైపులు, సింకు: 35,000
- బోర్డు, లైట్లు: 15,000
- అనుమతులు, అగ్రిమెంట్: 10,000
- మొదటి వారం సరుకు: 20,000

ఇది 3,19,000. దీనికి మూడు నెలల స్థిర ఖర్చు 2,10,000 కలపాలి. మొత్తం 5,29,000. ఆ 2,10,000 చేతిలో లేకపోతే షాపు తెరవొద్దని గట్టిగానే చెబుతాను. గిన్నెలు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి, మూడో నెల అద్దె దొరకదు.

ఇందులో సగం మీది, సగం అప్పు అయితే వాయిదా భరించగలిగేలా ఉంటుంది. రెండున్నర లక్షలు ఐదేళ్లకు పదకొండున్నర శాతం వడ్డీకి తీసుకుంటే నెలకు దాదాపు 5,500. చిన్న వ్యాపారాలకు అప్పు ఇప్పించే కేంద్ర ప్రభుత్వ ముద్ర పథకంలో 50,000 దాకా శిశు, ఆపైన 5 లక్షల దాకా కిశోర్ కిందికి వస్తుంది. ఆస్తి తాకట్టు అడగరు. పొదుపు సంఘంలో ఉన్న ఆడవాళ్లకు బ్యాంకు లింకేజీ (సంఘం ద్వారా వచ్చే బ్యాంకు అప్పు), స్త్రీనిధి (సంఘాలకు అప్పిచ్చే సంస్థ) దారులు ఉన్నాయి, ముందు అవి చూడండి.

సబ్సిడీని నమ్ముకుని లెక్క వేయొద్దు. కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్లకు అప్పు మీద సబ్సిడీ ఇచ్చే పీఎంఈజీపీ లాంటి కేంద్ర పథకంలో సబ్సిడీ సొమ్ము మీ పేరున బ్యాంకులోనే మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటుంది, మొదటి రోజే గిన్నెలు కొనడానికి చేతికి రాదు.

రోజువారీ ఫైనాన్స్ వాళ్లు షాపు తెరిచిన వారానికే వస్తారు. 9,000 చేతికిచ్చి రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టించుకుంటారు. వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. ఏడాది వడ్డీగా చూస్తే 80 శాతానికి దగ్గర.

7. ఇప్పుడు షాపు

మెయిన్ రోడ్డు మీదే ఉండాలని లేదు. ఆఫీసు నుంచి ఇంటికి వచ్చే దారిలో, వాళ్లు వచ్చే వైపునే ఉండాలి. డివైడర్ దాటి, యూటర్న్ తీసుకుని ఎవరూ చారు ప్యాకెట్ కోసం రారు. నాలుగు బండ్లు నిలిపే జాగా ఉండాలి. కిరాణా, పాల బూత్ పక్కన దొరికితే ఇంకా మంచిది.

అడ్వాన్స్ ఇచ్చే ముందు:

- నీళ్లు రోజూ వస్తాయా, సంపు ఉందా
- డ్రైనేజీ నిండితే ఎవరు బాగు చేయిస్తారు
- పొగ గొట్టం పైదాకా వేసుకోనిస్తారా, పైఅంతస్తు వాళ్లకు అభ్యంతరం ఉందా
- కరెంటు మీటర్ కమర్షియల్ కేటగిరీలో ఉందా, పాత బకాయి ఉందా
- ముందు ఇక్కడ ఏ షాపు ఉండేది, ఎందుకు ఖాళీ చేశారు

పొగ గొట్టం ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. పోపు ఘాటు పైఇంట్లోకి వెళితే పదో రోజే గొడవ మొదలవుతుంది. ఓనర్ సరే అన్నా సరిపోదు, పైవాళ్లను మీరే వెళ్లి అడగండి.

అగ్రిమెంట్ సాధారణంగా 11 నెలలకు రాస్తారు. కొలిమిలాంటి వంటగది కట్టుకున్నాక 11వ నెలలో ఖాళీ చేయమంటే మీ ఎగ్జాస్ట్, పైపుల ఖర్చు పోయినట్టే. అందుకని కనీసం మూడేళ్లకు రిజిస్టర్డ్ లీజు అడగండి. అద్దె ఏటా ఎంత పెరుగుతుంది, ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల నోటీసు, అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు అన్నవి కాగితం మీద ఉండాలి. వంటగది అమర్చుకునే నెల అద్దె మాఫీ చేయమని అడగడంలో తప్పులేదు, చాలామంది ఓనర్లు పదిహేను రోజులకైనా ఒప్పుకుంటారు.

8. కాగితాలు, ఈ వరుసలో

- పాన్, ఆధార్, షాపు అగ్రిమెంట్ సిద్ధం చేసుకోండి. తర్వాతివన్నీ వీటి మీదే నడుస్తాయి.
- ఉద్యమ్ నమోదు, అంటే చిన్న వ్యాపారంగా కేంద్ర ప్రభుత్వ గుర్తింపు. ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అవుతుంది, రుసుము లేదు. ఎవరైనా డబ్బు అడిగితే అది వాళ్ల జేబులోకే.
- షాపు పేరు మీద బ్యాంకులో కరెంట్ ఖాతా. యూపీఐ క్యూఆర్ దీనికే కట్టండి.
- ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు లేదా లైసెన్స్, ఆ సంస్థ వెబ్‌సైట్ ఫాస్కాస్ పోర్టల్‌లో. ఏది అవసరమో టర్నోవర్‌ను బట్టి ఉంటుంది. పరిమితులను మారుస్తుంటారు కాబట్టి దరఖాస్తు రోజున పోర్టల్‌లోనే చూడండి. 14 అంకెల నంబర్ కౌంటర్ దగ్గర కనిపించాలి.
- ట్రేడ్ లైసెన్స్. జీహెచ్‌ఎంసీలో రోడ్డు వెడల్పు, షాపు విస్తీర్ణం చూసి రుసుము కడతారు. మిగతా చోట్ల మున్సిపాలిటీ, పల్లెల్లో పంచాయతీ.
- దుకాణాలు, సంస్థల చట్టం కింద కార్మిక శాఖలో నమోదు.
- తూకం మీద అమ్మేట్టయితే కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర.

ఇంటి ఖర్చుల ఖాతాకే క్యూఆర్ కట్టుకుంటే తర్వాత చిక్కులొస్తాయి. 2025 జులైలో బెంగళూరులో చిన్న వ్యాపారులకు యూపీఐ జమలు చూసి జీఎస్టీ నోటీసులు వచ్చాయి. చెల్లెలు పంపిన డబ్బుకూ, సాంబారు అమ్మిన డబ్బుకూ తేడా చూపించాలంటే ఖాతాలు వేరుగా ఉండాలి.

9. మాస్టర్, హెల్పర్

మాస్టర్ చేతి వంట వారం రోజులు తిని చూడండి, ఒక్క రోజు ట్రయల్ చాలదు. మొదటి రోజు అందరూ బాగానే వండుతారు.

వంటల కొలతలు మీ దగ్గర రాతలో ఉండాలి. మాస్టర్ ఒకరోజు ఫోన్ ఎత్తకపోతే మీరో, హెల్పరో పప్పు, చారు, ఒక వేపుడు దించగలగాలి. ఇది చేతకానివాళ్లు ఈ వ్యాపారంలోకి రావద్దని అనను గానీ, మాస్టర్ అడిగిన అడ్వాన్స్ ఇస్తూనే ఉండాల్సి వస్తుంది.

వంటవాళ్లకు ఏటా వైద్య పరీక్ష, టైఫాయిడ్ టీకా చేయించి ఆ కాగితాలు ఫైల్లో పెట్టండి. తనిఖీకి వచ్చినవాళ్లు ముందు అడిగేవి ఇవే.

10. రోజు ఎలా నడవాలి

కూరగాయలు తెల్లారకముందే. బోయిన్‌పల్లిలో పెద్దమొత్తంగా, రైతు బజార్‌లో రోజువారీగా. ఉల్లిపాయలు, పప్పులు మలక్‌పేట గంజ్‌లో వారానికోసారి, గిన్నెలు బేగంబజార్‌లో. రవాణా ఖర్చు కలిపి చూసుకోండి. కిలోకు మూడు రూపాయలు మిగిల్చి ఆటోకు 300 ఇచ్చి రావడంలో అర్థం లేదు.

పదకొండున్నరకు పప్పు, చారు, ఇగురు దిగాలి. వేపుడు చివర. రోటి పచ్చడి రెండు పూటలకూ విడివిడిగా నూరాలి, ముఖ్యంగా కొబ్బరి, పెరుగు పడ్డవి.

వేడి కూర 60 డిగ్రీలకు పైన, చల్లగా ఉంచేవి 5 డిగ్రీల లోపు ఉండాలి. మధ్యలో గంటల తరబడి ఉన్నది పాడవుతుంది, వాసన రాకపోయినా సరే. ఆహారానికి గుచ్చి చూసే చిన్న థర్మామీటర్ ఒకటి కొనండి. మధ్యాహ్నం మిగిలిన సాంబారులో రాత్రి సాంబారు కలపడం చాలా చోట్ల జరిగేదే. ఒక్క గిన్నె పులిస్తే రెండో గిన్నె కూడా పోతుంది, ఆ వీధిలో మీ పేరూ పోతుంది.

వేపుడు నూనె నల్లబడి, నురగ వస్తుంటే పారబోయాలి. అందులో పాడైన పదార్థం 25 శాతం దాటితే వాడకూడదని 2018 జులై నుంచి నిబంధన ఉంది. పచ్చళ్లూ వేపుళ్లూ న్యూస్‌పేపర్‌లో చుట్టొద్దు. 120 మైక్రాన్ల కంటే పలచని క్యారీ బ్యాగులు 2022 చివరి నుంచి నిషేధం. డబ్బా తెచ్చుకున్నవాళ్లకు రెండు రూపాయలు తగ్గించండి. మీకు పోయేదేమీ లేదు, అది ఎలాగూ ప్యాకింగ్ ఖర్చే.

రాత్రి షట్టర్ దించే ముందు నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు: వండింది, అమ్మింది, మిగిలింది, ఎన్ని గంటలకు అయిపోయింది. నాలుగో గడిని బట్టే రేపటి కొలత. ఎనిమిదింటికే వంకాయ అయిపోతుంటే కొలత పెంచాలి. రోజూ పది ప్యాకెట్లు మిగిలితే తగ్గించాలి.

11. తరచూ జరిగే తప్పులు, సవరింపులు

అమ్మకం బాగుంది, చేతిలో డబ్బు లేదు. గల్లా పెట్టెలోంచి ఇంటి ఖర్చులకు తీస్తున్నారు. మీ జీతం నెలకోసారి, ఒకే తేదీన తీసుకోండి.

మధ్యాహ్నం బాగా, రాత్రి ఖాళీగా. చుట్టూ ఆఫీసులే ఉన్నాయి, ఇళ్లు లేవు. రాత్రి వంట ఆపేసి, మధ్యాహ్నం ఆఫీసులకు నెలవారీ క్యారేజీలు పట్టండి. హెల్పర్‌కు ఒక పూట జీతం సరిపోతుంది.

అరువు. వద్దని బోర్డు పెట్టినా అడుగుతారు. పేరు తెలిసినవాళ్లకు ఒక్క వారం, 500 దాకా, అదీ పుస్తకంలో సంతకంతో. అంతకు మించితే మనిషీ రాడు, డబ్బూ రాదు.

డెలివరీ యాప్‌లో ఆర్డర్లు వస్తున్నాయి, మిగలడం లేదు. కమిషన్ తీసేశాక 40 రూపాయల ప్యాకెట్‌లో 17 నిలవదు. యాప్‌లో విడి కూర పెట్టకుండా అన్నం, పప్పు, కూర, చారు కలిపిన కాంబోకు వేరే ధర కట్టండి.

రుచి రోజుకో తీరు. కారం, ధనియాల పొడి, సాంబారు పొడి నెలకు సరిపడా ఒకేసారి పట్టించి పెట్టుకుంటే సగం సమస్య తీరుతుంది.

12. తెరిచే ముందు రోజు, ఆపాల్సిన రోజు

ముందు రోజు చూసుకోవాల్సినవి:

- రెండో సిలిండర్ నిండుగా ఉంది, పైపు, రెగ్యులేటర్ కొత్తవి
- మంటలార్పే పరికరం పొయ్యికి దూరంగా, చేతికి అందేలా ఉంది
- క్యూఆర్‌కు ఒక రూపాయి పంపి చూశారు, చిల్లర 2,000 దాకా ఉంది
- ధరల బోర్డు కౌంటర్ బయట నుంచి చదవగలిగేలా ఉంది
- అనుకున్న దాంట్లో మూడింట రెండొంతులే వండుతున్నారు

ఆఖరిది కావాలనే చెప్పాను. మొదటి రోజు కూర అయిపోయిందంటే రేపు కాస్త ముందే వస్తారు.

ఎప్పుడు ఆపాలో కూడా తెరిచే ముందే రాసిపెట్టుకోండి. పై నమూనాలో అయితే: మూడో నెల చివరి నాలుగు వారాల సగటు 147 దాటలేదు, వారం వారం పెరగడమూ లేదు అనుకుంటే, నిల్వ సొమ్ము పూర్తిగా కరగకముందే ఓనర్‌కు నోటీసు ఇవ్వాలి. నోటీసు కాలంలోనే గిన్నెలు, కౌంటర్ అమ్మకానికి పెట్టండి, షాపు నడుస్తున్నప్పుడు వచ్చే ధర ఖాళీ షాపులో రాదు. సిలిండర్ల డిపాజిట్, షాపు అడ్వాన్స్ రాబట్టుకోండి. కరెంటు బిల్లు చివరి రీడింగ్ ఫొటో తీసి ఉంచండి. జీఎస్టీ తీసుకుని ఉంటే రద్దుకు దరఖాస్తు పెట్టండి. లేకపోతే ఒక్క ప్యాకెట్ అమ్మకపోయినా రిటర్న్ వేయాల్సి ఉంటుంది, వేయకపోతే ఆలస్య రుసుము పడుతూనే ఉంటుంది.